కలిసి పనిచేయు విద్య: కొన్ని అభ్యాసములు

మనము పాఠశాలలో నేర్చుకొను విద్యలలో పెక్కింటికి పుస్తకము కలదు, పరీక్ష కలదు, మార్కులు కలవు. చదువుట, వ్రాయుట, లెక్కించుట అను వానికి మెట్లు ఏర్పరచి క్రమముగా నేర్పుచున్నాము. కాని పదిమందితో కూడి ఒక పనిని నెరవేర్చు విద్యకు మాత్రము పుస్తకము లేదు, పీరియడు లేదు. అది పుట్టుకతో వచ్చు గుణమనియు, కొందరికి అబ్బును, కొందరికి అబ్బదనియు తలంచి ఊరకుందుము. ఈ తలంపు సరికాదనియు, చేతివ్రాతవలె ఇదియు అభ్యాసముచే కుదురుననియు చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ సంగతి నాకు తెలియుటకు నా పొరపాటే కారణము. కొన్ని సంవత్సరముల క్రిందట విజ్ఞాన ప్రదర్శనమునకై అయిదుగురు విద్యార్థులను ఒక జట్టుగా చేర్చి, ఇసుక, గులకరాళ్లు, బొగ్గు పొరలుగా పేర్చి నీటిని వడగట్టు సాధనమును చేయుమంటిని. తెలివిగల బాలుని నాయకునిగా నియమించితిని. ప్రదర్శన దినమున పరీక్షకుల యెదుటనే సాధనముయొక్క అతుకు ఊడి నీరంతయు బల్లపై ప్రవహించెను. పిల్లలు ఏడ్చిరి. సాయంకాలము జట్టులోని ఒక బాలిక నాయొద్దకు వచ్చి, ఆ అతుకు కారుచున్నదని తనకు రెండు దినముల ముందే తెలియునని చెప్పెను. "అట్లయిన ఏల చెప్పలేదమ్మా?" అని అడిగితిని. "నన్నెవ్వరును అడుగలేదు మాస్టారూ. చెప్పినచో నవ్వుదురని భయపడితిని" అనెను.

నీరు కారుటకన్న ఆ మాట నన్ను ఎక్కువగా బాధించెను. సామానులు ఇచ్చితిని, నాయకుని ఇచ్చితిని, గడువు ఇచ్చితిని. ఒకరి మాట నొకరు వినుట మాత్రము నేర్పలేదు.

అటుపిమ్మట హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగము చేయుచున్న మా పూర్వవిద్యార్థి యొకడు సెలవులలో నన్ను చూడవచ్చి, తన తొలి సంవత్సరపు కష్టములను చెప్పెను. "లెక్కలు రాక కష్టపడలేదు మాస్టారూ. 'నాకర్థము కాలేదు' అని నలుగురిలో చెప్పలేక కష్టపడితిని" అనెను. వాని కార్యాలయమున అనుసరించు పద్ధతిపేరు ఎజైల్. దానిని గూర్చి వాని వలన విని, తరువాత చదివి, మా తరగతికి తగినట్లు మార్చుకొని చేయించిన అభ్యాసములనే ఇందు వివరించుచున్నాను.

ఎజైల్ పద్ధతి యనగా నేమి?

ఎజైల్ అను మాటకు చురుకుగా మసలునది యని యర్థము. 2001 సంవత్సరము ఫిబ్రవరి నెలలో అమెరికా దేశమున యూటా రాష్ట్రములోని స్నోబర్డ్ అను చోట 17 మంది సాఫ్టువేరు నిపుణులు సమావేశమై ఒక ప్రకటన వెలువరించిరి. అంతకుముందు పెద్ద పనులలో తరచుగా అనుసరించిన రీతి యేమనగా, నెలల తరబడి పథకము వ్రాసి, పిమ్మట నెలల తరబడి పనిచేసి, కడపట దానిని వాడువారికి చూపుట. అందుచే తప్పులన్నియు కడపటనే బయటపడుచుండెను. అట్లుగాక చిన్న జట్టుగా చేరి, కొద్ది వారములలో పనిలో కొంత భాగమును ముగించి, వాడువారికి చూపి, దిద్దుకొని, ముందుకు సాగవలెనని వారు చెప్పిరి. పనిముట్లకన్నను పద్ధతులకన్నను మనుష్యులకును, వారి పరస్పర సంభాషణకును ఎక్కువ విలువ నిచ్చిరి. ఆ ప్రకటనకు చేర్చిన 12 సూత్రములలో కడపటిది, జట్టువారు అప్పుడప్పుడు వెనుదిరిగి చూచుకొని తమ నడతను దిద్దుకొనవలెననునది.

ఈ త్రోవలోని ఒక రీతికి స్క్రమ్ అని పేరు. రగ్బీ అను బంతియాటలో ఆటగాండ్రు భుజము భుజము చేర్చి నిలుచుటకు ఆ పేరు కలదు. 1986లో తకెయుచి, నొనాకా అను జపాను పండితు లిద్దరు, క్రొత్త వస్తువులను తయారుచేయు జట్లను ఈ యాటతో పోల్చి వ్యాసము వ్రాసిరి. స్క్రమ్ జట్టులో సాధారణముగా పదిమందికి మించరు. స్ప్రింట్ అనబడు పనిగడువు నెలకు మించదు. ప్రతిదినము 15 నిమిషములలో ముగియునట్లు అందరును కలిసి ఆనాటి పనిని ఆలోచింతురు.

పదిమంది అను లెక్క మనకు క్రొత్తది కాదు. మోషే ఉదయము మొదలు సాయంకాలము వరకు ఒంటరిగా కూర్చుండి ప్రజలకు న్యాయము తీర్చుట చూచి, మామయైన యిత్రో వెయ్యిమందికిని, నూరుమందికిని, ఏబదిమందికిని, పదిమందికిని పెద్దలను నియమింపుమని బుద్ధిచెప్పిన సంగతి నిర్గమకాండమున చదువుచున్నాము.

ఇట్టి చిన్న జట్టు ప్రతిదినము తన పథకమును సరిచూచుకొనును గనుక, ప్రతిదినము నిజము తెలియవలెను. ఒకడు తనకు రానిది వచ్చినట్లు చెప్పినను, మరియొకడు తన తప్పును దాచినను, అందరి లెక్కయు తప్పిపోవును. కావున వినుట, అడుగుట, ఒప్పుకొనుట, నొప్పింపక చెప్పుట అనునవి యిచ్చట మర్యాదలు మాత్రమే కావు. పనికి కావలసిన పనిముట్లు.

మొదటి అభ్యాసము: బల్లమీద పాట

ఒక విద్యార్థి అందరికి తెలిసిన కీర్తన నొకదానిని మనస్సులో పాడుకొనుచు, దాని నడకను వ్రేళ్లతో బల్లమీద కొట్టవలెను. ఎదుటివాడు ఆ కీర్తన యేదో చెప్పవలెను. కొట్టుటకు ముందే, ఎదుటివారు ఎన్నింటిని కనిపెట్టుదురో అంచనా వేసి కాగితముపై వ్రాయవలెను.

1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఎలిజబెత్ న్యూటన్ అను విద్యార్థిని ఇట్టి పరీక్షనే చేసెను. కొట్టినవారు సగము పాటలను ఎదుటివారు కనిపెట్టుదురని యనుకొనిరి. కాని 120 పాటలలో 3 మాత్రమే కనిపెట్టబడెను. కొట్టువాని చెవిలో రాగము, పదములు అన్నియు మ్రోగుచుండును. వినువానికి వట్టి టకటక శబ్దమే. తెలిసినవానికి తెలియనివాని స్థితి ఊహింపరానిది.

మా తరగతిలో పిల్లలు నవ్వుచు దీనిని ఆడిరి. నవ్వు తగ్గిన పిమ్మట వారికొక నియమము నేర్పితిని. ఎవనికైన పని చెప్పినప్పుడు "అర్థమైనదా?" అని అడుగరాదు. ఆ ప్రశ్నకు అందరును "అయినది" అనియే చెప్పుదురు. "ఇప్పుడు నీవేమి చేయబోవుచున్నావో నాకు చెప్పుము" అని అడుగవలెను. ఈ నియమము విద్యార్థులకన్న ఉపాధ్యాయులమైన మాకు ఎక్కువ అవసరమని నేను తెలిసికొంటిని.

రెండవ అభ్యాసము: ముగ్గురి సంభాషణ

ముగ్గురు కూర్చుందురు. ఒకడు తనకు కష్టముగా నున్న విషయమును రెండు నిమిషములు చెప్పును. రెండవవాడు వినును. మూడవవాడు మాటలాడక గమనించును. వినువాడు వెంటనే సలహా చెప్పరాదు, తన కథ ఎత్తుకొనరాదు. విన్నదానిని తన మాటలలో తిరిగి చెప్పవలెను. మొదటివాడు "అవును, నేను చెప్పినది అదియే" అనువరకు ప్రత్యుత్తరమునకు అనుజ్ఞ లేదు. పిమ్మట మూడవవాడు తాను గమనించినదానిని చెప్పును. ఎక్కడ అడ్డువచ్చెను? ఎక్కడ చూపు ప్రక్కకు పోయెను? ముగ్గురును వంతులవారిగా మూడు స్థానములను వహింపవలెను.

కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ అను మనశ్శాస్త్రజ్ఞులు 1957లో ఇట్టి శ్రద్ధతోడి వినికిడిని గూర్చి చిన్న పుస్తకము వ్రాసిరి. వినుట ఊరకుండుట కాదనియు, అది యొక పనియే యనియు వారు చూపిరి. ఈ యభ్యాసమున పిల్లలకు మొదట తోచు కష్టమేమనగా, ఎదుటివాడు చెప్పుచుండగనే తమ జవాబును సిద్ధపరచుకొనుట. ఆ యలవాటు తమకున్నదని తెలిసికొనుటయే సగము లాభము.

మూడవ అభ్యాసము: త్రాటి పందెము, పేరు వ్రాసిన పలక

ఫ్రాన్సు దేశపు వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్మాన్ 1913లో ప్రకటించిన పట్టిక యొకటి ప్రసిద్ధము. ఒంటరిగా లాగునప్పుడు ఒక్కొక్కడు చూపు బలమును 100 అనుకొన్నచో, ఇద్దరు కూడినప్పుడు ఒక్కొక్కని పాలు 93, ముగ్గురు కూడినప్పుడు 85, ఎనమండ్రు కూడినప్పుడు 49 మాత్రమే. అనగా మనుష్యులు పెరిగినకొలది ఒక్కొక్కని పాలు తరుగును. దీనికి రెండు కారణములు. అందరి లాగుడు ఒకే క్షణమున కలియకుండుట యొకటి. "నేను కొంచెము సడలించిన ఎవరికి తెలియును?" అను భావము రెండవది. 1974లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఒకనికి కన్నులు కట్టి, వెనుక ఇతరులు లాగుచున్నారని నమ్మించి, నిజముగా వాని నొక్కనిచేతనే లాగించిరి. అప్పుడును వాని బలము తగ్గెను.

మన మండలమున పెంటకోట మొదలగు సముద్రతీర గ్రామములనుండి వచ్చు పిల్లలకు మొదటి కారణము వివరింప నక్కరలేదు. తీరమునుండి పెద్దవల లాగునప్పుడు "హైలెస్సా" అను పిలుపు ఏల కావలెనో వారికి తెలియును. ఆ పిలుపు అందరి చేతులను ఒకే క్షణమున కదలించును. ఆటస్థలమున త్రాడు లాగించి, ఒకసారి పిలుపు లేకుండ, ఒకసారి పిలుపుతో లాగుడని చెప్పినచో భేదము చేతులకే తెలియును.

రెండవ కారణమునకు మందు, పనిని విడదీసి పేరు వ్రాయుట. ఒక పలకమీద మూడు గడులు గీయవలెను. "చేయవలసినది", "చేయుచున్నది", "అయినది" అని వానిపై వ్రాయవలెను. ప్రతి చిన్నపనిని ఒక కాగితపు ముక్కపై వ్రాసి, దానిని తీసికొన్నవాని పేరు చేర్చి, పని సాగినకొలది ఒక గడినుండి మరియొక గడికి జరుపవలెను. ప్రతిదినము ప్రార్థనానంతరము జట్టువారు పలకముందు నిలుచుండి, ఒక్కొక్కరు మూడు మాటలు చెప్పవలెను: నిన్న చేసినది, నేడు చేయబోవునది, నాకు అడ్డమైయున్నది. మూడవ మాటయే ముఖ్యమైనది. "అడ్డమేమియు లేదు" అని వారమంతయు చెప్పువానిని గద్దింపక, ప్రక్కన కూర్చుండబెట్టుకొని మెల్లగా అడుగవలెను.

నెహెమ్యా యెరూషలేము ప్రాకారమును 52 దినములలో కట్టించినప్పుడు, ఎవరు ఏ గుమ్మమును, ఏ గోడను బాగుచేసిరో పేరుపేరున వ్రాయబడియున్నది. పెక్కుమంది తమ యింటి యెదుటి భాగమునే కట్టిరి. పేరును స్థలమును ఉన్న పని నిలుచును.

నాలుగవ అభ్యాసము: శుక్రవారపు సింహావలోకనము

సింహము కొంతదూరము నడచి వెనుకకు తిరిగి చూచుననుట మన భాషలో నున్నదే. ప్రతి శుక్రవారము జట్టు పావుగంట కూర్చుండి మూడు ప్రశ్నలకు జవాబు వ్రాయవలెను. ఈ వారమేది బాగుగా జరిగెను? ఏది జరుగలేదు? వచ్చు వారము మార్చుకొనదగిన ఒక్క సంగతి యేది? మొదట అందరును మౌనముగా వ్రాయవలెను. పిమ్మట తక్కువగా మాటలాడువాడు ముందుగా చదువవలెను, నాయకుడు కడపట చదువవలెను. కడపట ఒక్క మార్పునే ఎన్నుకొని పలకమీద వ్రాయవలెను. పది మార్పులు ఎన్నుకొన్న జట్టు ఒక్కటియు చేయదు.

ఈ కూటములను గూర్చి 2001లో గ్రంథము వ్రాసిన నార్మన్ కెర్త్ అను నిపుణుడు, ప్రతివాడును తనకప్పుడు తెలిసినంతలో, తనకున్న వనరులలో చేయగలిగినంత చేసెనని నమ్మి ఆరంభింపవలెనని చెప్పెను. తప్పు లేదని దీని యర్థము కాదు. తప్పునకు కారణము వెదకుదుము గాని తప్పుచేసినవానిని వేటాడము అని యర్థము.

ఆమీ ఎడ్మండ్‌సన్ అను అమెరికా పరిశోధకురాలు ఆసుపత్రులలోని జట్లను పరీక్షించుచు, మంచి జట్లలో మందుల విషయమైన తప్పులు తక్కువగా నుండునని యెదురుచూచెను. లెక్కలో అవి ఎక్కువగా కనబడెను! ఆశ్చర్యపడి విచారింపగా, ఆ జట్లలోనివారు నిర్భయముగా తప్పులు చెప్పుకొనుచుండుటయే ఇందుకు కారణముగా తోచెను. భయమున్న చోట తప్పులు దాగియుండెను. 1999లో ఆమె ఈ నిర్భయతకు జట్టులోని మానసిక భద్రత యని పేరుపెట్టి విపులముగా వ్రాసెను. ఇది చదివినప్పుడు నాకు ఆ కారిన అతుకును, దానిని ముందే చూచిన బాలికయు జ్ఞప్తికి వచ్చిరి.

అయిదవ అభ్యాసము: తప్పును చెప్పు రీతి

"నీవెప్పుడును ఆలస్యమే", "నీకు బాధ్యత లేదు" అను మాటలు మనిషిని కొట్టును గాని పనిని దిద్దవు. మార్షల్ రోజెన్‌బర్గ్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు ఇందుకు నాలుగు మెట్లు చూపెను: కన్నులతో చూచినది, దానివలన మనసునకు తోచినది, మనకు కావలసినది, ఎదుటివానిని కోరునది. పిల్లలు ఒక్కొక్క నిందావాక్యమును తీసికొని ఈ నాలుగు మెట్లలో తిరిగి వ్రాయవలెను. పై వాక్యము ఇట్లు మారును: "మంగళ, బుధవారములలో పటము నాకు చేరలేదు. నాకు ఆందోళన కలిగెను. పటము లేనిదే కొలతలు వ్రాయలేను. గురువారము మధ్యాహ్నములోగా ఇచ్చెదవా? కుదరనిచో నేడే చెప్పెదవా?" ఈ రెంటిలో దేనికి తాము సమాధానము చెప్పగలరో పిల్లలనే అడుగవలెను.

మన తెలుగువాడు, హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థకు అధిపతియైన పిమ్మట, తన తోడి పెద్దలచేత రోజెన్‌బర్గ్ గ్రంథమును చదివించెను. ఆయన 1992లో ఆ సంస్థలో చేరుటకు పోయినప్పుడు, దారిలో పసిబిడ్డ పడి ఏడ్చుచున్న నేమి చేయుదువని అడిగిరట. అత్యవసర సహాయమునకు ఫోను చేయుదునని ఆయన చెప్పెను. ముందుగా బిడ్డను ఎత్తుకొనవలెనని ప్రశ్నించినవాడు చెప్పెను. ఆ మాట తాను మరువలేదని ఆయనయే 2017లో ప్రకటించిన తన గ్రంథమున వ్రాసికొనెను.

ఇందొక హెచ్చరిక కలదు. తప్పును మొదట ఇద్దరి మధ్యనే చెప్పవలెను. మత్తయి సువార్త పదునెనిమిదవ అధ్యాయమున ప్రభువు నేర్పిన క్రమము ఇదియే. తరగతియెదుట చెప్పబడిన మాట సత్యమైనను సిగ్గునే పుట్టించును.

ఆరవ అభ్యాసము: బంతిని తిరిగి యిచ్చుట

ఆ గ్రంథముననే నాదెళ్ల తన పాఠశాలనాటి క్రికెట్ సంగతి యొకటి చెప్పెను. తాను బాగుగా బంతి వేయలేకపోవుచుండగా కెప్టెను బంతిని తీసికొని, తానే వేసి వికెట్ సాధించెను. పిమ్మట బంతిని తిరిగి ఆయనకే యిచ్చెను. ఏల ఇచ్చెనని అడుగగా, ఆ సంవత్సరమంతయు ఆయన అవసరము గలదనియు, ఆయన ధైర్యము చెడగొట్టనెంచలేదనియు కెప్టెను చెప్పెనట. సహాయము చేయుటకును, పనిని లాగుకొనుటకును గల భేదము ఇందున్నది.

మా తరగతిలో నాయకత్వము ఇప్పుడు వారమున కొకరిది. నాయకుడు ఎవని పనిలోనైన చేయిపెట్టినచో ఆ దినముననే దానిని వానికి తిరిగి యీయవలెను. ఆలోచనలలో కడపట మాటలాడవలెను. నాయకుడు మొదట మాటలాడినచో మిగిలినవారు ఆలోచించుట మానుదురు.

ఉపాధ్యాయులకును, తలిదండ్రులకును

ఈ యభ్యాసములకు మార్కులు వేయరాదు. మార్కులు వేసినచో పిల్లలు ఒప్పుకొనుటను నటింతురు. ఇంటి దుఃఖములను బలవంతముగా చెప్పింపరాదు. ఒప్పుకొన్న తప్పును తరువాత ఎత్తిపొడుచుట ఒక్కసారి జరిగినచో నెలల శ్రమ వ్యర్థమగును. ఒక్క దినముననే ఆరు అభ్యాసములను చేయింపక, పక్షమున కొకటి చొప్పున చేయించి, అసలు పనిలో దానిని వాడనీయవలెను. తలిదండ్రులు రాత్రి భోజనవేళ "ఎన్ని మార్కులు?" అని అడుగుటతోపాటు "ఈ దినము ఎవరిని ఏమి అడిగితివి?" అని యడిగినచో చాల మేలు.

ఇవి చేసినంతనే తగవులు మాయమగునని నేను చెప్పను. ఒక జట్టు ఎంత యత్నించినను పొసగక, రెండుగా విడదీయవలసివచ్చెను. కాని ఈ యేడు రెండవ శుక్రవారమున జరిగిన దొకటి చెప్పి ముగించెదను. ఎన్నడును నోరు విప్పని బాలుడొకడు తన కాగితమును మొదట చదివెను: "కొలత నాకు తెలియలేదు. తెలిసినట్లు తల ఊపితిని." గదిలో నిశ్శబ్దము. నాయకురాలు కొంచెము తడవు చూచి, "నాకును తెలియలేదు" అనెను. ఎవ్వరును నవ్వలేదు. అయిదుగురును కలిసి కొలబద్దతో నాయొద్దకు వచ్చిరి.

విద్యార్థులారా, మీరు రేపు విశాఖపట్టణమునకో, హైదరాబాదునకో, సముద్రములకు ఆవలనో పోయి పనిచేయుదురు. మీకు తెలిసినది మిమ్మును అచ్చట చేర్చును. తెలియనిదానిని తెలియదని చెప్పు ధైర్యమును, ఎదుటివాడు అట్లు చెప్పినప్పుడు నవ్వని మనస్సును ఈ బల్లలయొద్దనే నేర్చుకొని పొండు. దేవుడు మీకు తోడైయుండును గాక.